కుండీలో ఉడుత పని

క్యారీ, నార్త్ కరోలినా. 1984 మే నెల. దక్షిణామూర్తి, హైమ దంపతుల ఇంటి వెనక చెక్క డెక్.

“ఇది కరివేపాకు కాదండీ.”

“చిన్న మొక్క. అప్పుడే ఏం చెప్తాం?”

“నలిపి చూశాను, ఉత్త గడ్డి వాసన. పెరట్లో ఆ ఓక్ చెట్టుకున్న ఆకులూ ఇలాగే ఉన్నాయి.”

“ఓ... అయితే ఉడుత పనే.”

“ఉడుతా?”

“ఇక్కడి గ్రే స్క్విరల్స్ అంతే హైమా. మన ఉడుతల్లాంటివి కావు, పిల్లికూనంత ఉంటాయి. చలికాలానికని ఒక్కో ఓక్ కాయా ఒక్కో చోట పాతేస్తాయి. కొన్ని మర్చిపోతాయి. నీ గింజలు తవ్వుకు తినేసి, తన కాయ పెట్టిపోయింది.”

“శనివారం పద్మినీ వసుమతీ వస్తున్నారు మొక్క చూడ్డానికి. పిలకలిస్తానని మాటిచ్చాను. కస్టమ్స్‌లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తెచ్చానండీ ఆ గింజలు. ఏడుపొస్తోంది నాకు.”

“నోరులేని జీవి. దాన్నేమంటాం చెప్పు.”

“మన రేణు స్కూల్ రిపోర్ట్ ఉడుతల మీదే. నిన్న నేనే టైప్ చేసిపెట్టాను.”

“అలాగా. కాఫీ తాగుదామా?”

“ఆకు అంచులు ఇదిగో ఇలా గుండ్రంగా ఉంటే వైట్ ఓక్‌ట. దాని కాయ రాలిన కొన్నాళ్లకే మొలకెత్తేస్తుందిట. అందుకని ఉడుత పాతేముందు మొలక వచ్చే కొస కొరికేస్తుందిట. ఇక మొలవదు.”

“అన్ని ఉడుతలూ కొరకవేమో.”

“ఏమండీ.”

“ఊఁ.”

“ఇటు చూడండి. కాయ ఎవరు పాతారు?”

“నేనే. రోజూ పొద్దున్నే ఖాళీ కుండీకి నీళ్లు పోసి, వంగి వంగి చూసేదానివి. చూడలేకపోయాను. ఏదో ఒకటి మొలుస్తుంది కదా అని...”

“ఖాళీదని మీకెలా తెలుసు?”

“అదే... ఖాళీగా కనపడుతూంటేనూ...”

“గింజలు నాటమని మీకే కదా ఇచ్చాను. నల్లగా ఎండినవి. పొట్లం కట్టి స్టవ్ పక్కన పెట్టి మరీ చెప్పాను.”

“చెప్పావు.”

“నాటారా?”

“నీకప్పుడు జలుబు చేసింది, గుర్తుందా? మిరియాల చారు కాచిచ్చాను. అమృతంలా ఉందని రెండు గ్లాసులు తాగావు.”

“తాగాను. అయితే?”

“ఆ రోజు ఇంట్లో మిరియాలు లేవు హైమా.”