మెదడు డాక్టర్ని తెచ్చిన డ్రైవరు

"పట్నం నుంచి మెదడు డాక్టర్ని మన ఊరికి రప్పించింది ఎవరనుకున్నారు? నేనే," అన్నాడు అంబులెన్సు డ్రైవరు, నా టీకొట్టు బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. ఎదురుగా ఉన్న చిన్నాసుపత్రిలో అతని పని. బండి కదలని పూట ఇక్కడ కోతలు కోస్తాడు.

"మన డాక్టరమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఉహూ. చివరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఈవిడ మర్యాదగా అడుగుతోంది, ఆయన నీళ్లు నములుతున్నాడు. ఇక లాభం లేదని నేనే అందుకున్నా. అయ్యా, మా రోడ్డు మీద గుంతలన్నీ మీకోసమే తవ్వి ఉంచాం, చేతినిండా పని అన్నా. అంతే, కోటు తగిలించుకుని బండెక్కేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దారిలో ఒక లారీ క్లీనరు తల పగిలి పడున్నాడు. వెనక ఎక్కించాం. నేను గుంతలు తప్పిస్తుంటే ఆయన ఆపరేషను మొదలెట్టాడు."

"బండి ఆపకుండానే?" అన్నాడు పక్కకొట్టు టైలరు.

"ఆపితే నా గొప్పేముంది? ఊరొచ్చేసరికి కుట్లు కూడా అయిపోయాయి. అంతకుముందు రెండో ఎక్కం రాని క్లీనరు లేచి పందొమ్మిదో ఎక్కం గడగడా అప్పజెప్పాడు. మాట పడిపోయిన ముసలాయన ఒకడు ఎంత బాగుపడ్డాడంటే, కాస్త మాటలు తగ్గించమని ఇంట్లోవాళ్లే మళ్లీ మోసుకొచ్చారు. ఇప్పుడు పట్నం డాక్టర్లే తలనొప్పొస్తే మన వీధిలో వరుస కడుతున్నారు. మొన్న ఒకాయన, పొలంలో పనుందని తల ఒక్కటే సంచీలో పెట్టి పంపించాడు, సాయంత్రం బస్సుకి తిప్పి పంపమని."

అందరం నవ్వాం. ఫ్లాస్కులో టీ పోయించుకుంటున్న ఒకామె మాత్రం నవ్వలేదు.

"అన్నా, ఆ డాక్టరుగారు ఏ గదిలో ఉంటారు?" అంది. పక్క ఊరు ఆమెది. తండ్రి మేడమెట్ల మీంచి పడితే ఎదురుగా ఉన్న ఆసుపత్రికే తీసుకొచ్చిందట. తలలో రక్తం గడ్డకట్టిందేమో, పట్నం తీసుకెళ్లాలని డాక్టరమ్మ ఇందాకే చెప్పిందట. అంత దూరం తట్టుకుంటాడో లేదోనని ఆమె భయం.

డ్రైవరు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మిగతావన్నీ నవ్వులకని నాకూ తెలుసన్నా. డాక్టరు వచ్చిన మాట మాత్రం నిజమే కదా?"

అతను లేచి నిలబడ్డాడు.

"లేరమ్మా. అడగడానికి వెళ్లిన మాట నిజం. ఆయన మంచివాడే. స్కానింగు మిషనుందా, మత్తు డాక్టరున్నాడా, ఆపరేషనయ్యాక రోగిని కనిపెట్టుకుని ఉండే నర్సులున్నారా అని అడిగాడు. ఒక్కటీ లేదు. నేనొక్కణ్ణే ఉత్త చేతులతో వచ్చి ఏం చెయ్యనమ్మా అన్నాడు."

ఆమె ఫ్లాస్కు మూత బిగించి గబగబా రోడ్డు దాటింది. అతను ఆమె వెనకే పరిగెత్తాడు. స్ట్రెచరు ఎక్కించడానికి నేనూ, టైలరూ చెయ్యి వేశాం. పెద్దాయనకి అప్పటికి తెలివుంది. మీకందరికీ శ్రమ ఇస్తున్నాను బాబూ అని గొణిగాడు.

మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు కొట్టుకొచ్చి ఒక మూల కూర్చున్నాడు. ఏమైందని టైలరు మెల్లిగా అడిగాడు.

"వంతెన దాటాక పోయాడు," అన్నాడు. "తల కూతురి ఒళ్లోనే ఉంది. ఆమె గమనించలేదు. నాన్నా, దగ్గరికొచ్చేశాం, ఇంకాస్తే అంటూనే ఉంది. నాకు అద్దంలో తెలిసిపోయింది. ఆమెకి చెప్పడానికి నోరు రాలేదు. సైరను ఆపకుండా పట్నం దాకా అలాగే నడిపాను."