ప్రారంభోత్సవం నాటి ఫొటో

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో, స్వలింగ ప్రేమికులైన విద్యార్థుల కేంద్రం అది. గోడ మీది ఫొటో ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. కేంద్రం బాధ్యతలు చూసే ఆయన ఆమె వెనకే నిలబడ్డాడు.

“నేను లైల్ వాళ్ళమ్మని, బాబూ. ఈ ఫొటో నాకిస్తావా? ఇంట్లో వాడి ఫొటోలన్నీ వాళ్ళ నాన్న పొయ్యిలో పడేశాడు.”

“మీరు ఆపలేదా?”

“లేదు.”

“అయితే ఇవ్వను. ఈ గది కోసం ఏళ్ల తరబడి కాళ్ళరిగేలా తిరిగింది వాడే. ఇది తెరిచిన రోజు తీసిన ఫొటో. ఇక్కడే ఉంటుంది.”

“పోయేటప్పుడు వాడి దగ్గరెవరున్నారు?”

“నేనున్నాను. ఆసుపత్రి నుంచి మీకు ఫోన్ చేసిందీ నేనే. రాంగ్ నంబర్ అని పెట్టేశారు.”

“నీ కాళ్ళు పట్టుకుంటాను నాయనా, ఒక్కటి చెప్పు. అందరూ కెమెరా వైపు చూస్తుంటే వాడొక్కడే అటెటో చూసి నవ్వుతున్నాడేం?”

“అటు తలుపుంది. మిమ్మల్ని రమ్మని ఉత్తరం రాశాడు. రానని మీరు జవాబివ్వలేదుగా, వస్తారనుకున్నాడు. అమ్మ వచ్చాకే రిబ్బను కత్తిరిస్తానని మొండికేశాడు.”

“ఎంతసేపు చూశాడు?”

“చీకటి పడేదాకా. కొంచెం పక్కకి జరగండి, పిల్లలొచ్చే వేళయింది.”