అడుగుతున్నది మనిషా, జబ్బా

"మందు తగ్గించండి" అని ఒక మనిషి అన్నప్పుడు, ఆ అడిగేది మనిషా, జబ్బా? సభాధ్యక్షులు డీన్‌గారికి, వేదిక మీది పెద్దలకు, వార్డు సిస్టర్లకు, వెనక వరుసలో కూర్చుంటే నాకు కనబడమనుకుంటున్న మా పరిశోధక విద్యార్థులకు ముందు నమస్కారం చెప్పాల్సింది పోయి, ఏళ్ల తరబడి మోస్తున్న ఈ ప్రశ్నను మీ ముందు దించాను. మన్నించండి.

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా ప్రొఫెసరుగారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఆయనేమో పొద్దున్నే ఫోన్ చేసి, "పొగిడితే మధ్యలో లేచి వెళ్లిపోతాను, నీ ఇష్టం" అన్నారు. (నవ్వులు) అందుకని జరిగింది మాత్రమే చెబుతాను.

స్కిజోఫ్రీనియా మీద మేం చేసిన పనంతా మందు మోతాదు చుట్టూనే తిరిగింది. ఎవరికి తగ్గించొచ్చు, ఎవరికి తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది అని. ఆ పనికి సారు ఒక నియమం పెట్టారు: రోగిని మనం ఏదీ అడగకముందే ఆ మనిషి మనల్ని ఒక ప్రశ్న అడగాలి, మనం నిజం చెప్పాలి. మొదట్లో నాకది చాదస్తంలా తోచేది.

ఒకరోజు సారు రోగుల్ని చూసే గదిలోకి మా అక్క వచ్చింది. వయసులో ఉండగానే తనకు గొంతులు వినబడటం మొదలైంది. మందుతో అవి పోయాయి గానీ చేతులు వణికేవి. బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాసే పని తనది. అక్షరాలు వంకర పోతున్నాయని యజమాని తనను అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గరికి మార్చాడు. మోతాదు తగ్గించమని నన్నడిగింది. నేనేమో తన మాటలో ఏదైనా తేడా ఉందా అని వెతికాను. మన వృత్తిలో అందరికీ అలవాటైన పొరపాటే ఇది, మందు వద్దన్న మాటను జబ్బు లక్షణాల్లో కలిపేస్తాం. పైగా చెల్లెల్ని కదా, భయం. "సారుని అడుగు" అన్నాను.

"ముందు మీరు అడగండి" అన్నారు సారు. అక్క ఆయన్ని తేరిపార చూసి, "మీ చొక్కా గుండీ ఊడింది, ఇంట్లో ఎవరూ చెప్పరా?" అంది. (నవ్వులు) మేడమ్‌గారూ, ఆ ఇంట్లోవాళ్లు మీరే, అప్పుడే నవ్వకండి, ఆయన జవాబు వినండి. "రోజూ చెబుతుంది. అందుకే వినపడదు."

"మా చెల్లీ అంతే," అంది అక్క. "మాత్ర వేసుకున్నావా అని రోజూ అడుగుతుంది. ఎలా ఉన్నావని అడగదు."

సారు అక్క మందుల చీటీ దగ్గరికి లాక్కున్నారు. "మెల్లగా తగ్గిద్దాం. తేడా వస్తే మీరే నాకు చెప్పాలి, మీ చెల్లి కాదు" అన్నారు. తర్వాత బయటికొచ్చి నాతో, "మన అధ్యయనంలో ఆవిడను చేర్చొద్దు. ఫలితం కావాలా, అక్క కావాలా అన్న ఇరకాటం నీకెందుకు?" అన్నారు.

ఆ తర్వాత నా పాట్లు ఏం చెప్పను! స్నానాల గదిలో అక్క కూనిరాగం తీస్తే, ఎవరితో మాట్లాడుతోందోనని తలుపు దగ్గర నిలబడేదాన్ని. "పాటేనే, పో" అని లోపల్నుంచి అనేది. ఒకసారి నిజంగానే తేడా వచ్చింది, నిద్ర పట్టలేదు. తనే సారుకి ఫోన్ చేసింది, ఆయన కాస్త పెంచి, కుదుటపడ్డాక మళ్లీ తగ్గించారు. ఇప్పుడు చిన్న మోతాదు దగ్గర నిలిచింది. అక్క మళ్లీ పేర్లు రాస్తోంది. నేను తలుపుల దగ్గర నిలబడటం మానేశాను. సారూ, ఇది పొగడ్త కాదు, ఊపిరి పీల్చుకోవడం.

అయితే నిన్న అక్క, "ఆ మిగిలిన మాత్ర కూడా ఆపేద్దామా?" అంది. సారు స్థానంలో వచ్చే కొత్త డాక్టరుగారిని అడుగుదామన్నాను. "ఆయన్నీ అడుగుతాను, ముందు నువ్వేమంటావు?" అంది. మందు ఆపేసి దెబ్బతిన్నవాళ్లను ఈ వార్డులోనే చూశాను, వాళ్ల మాట మనం వినకపోవడం వల్ల దెబ్బతిన్నవాళ్లనూ చూశాను. ఔననాలో కాదనాలో నాకింకా తెలియదు. ఆ తెలియకపోవడాన్ని కూడా ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పి, మా సారు దగ్గరా మీ దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.