చప్పట్ల డ్యూటీ

జెద్దాలో మంచు పరిచిన పెద్ద హాలు. కింద పిల్లల హాకీ, దేశం మొత్తానికి ఫైనల్. కుర్చీలు ఖాళీగా కనిపించొద్దని కంపెనీవాళ్లు క్యాంపు నుంచి బస్సుల్లో తోలుకొచ్చిన కూలీల్లో జగిత్యాల బావాబామ్మర్దులిద్దరూ ఉన్నారు. బావ జేబులో ఫోన్ మీది నుంచి చెయ్యి తీయలేదు.

"కత్తుల బూట్లేస్కొని జారుడు! గిదొక ఆటనా?"

"మెల్లగ, బావా. ఫోర్మన్ ఇటే సూస్తుండు. చప్పట్లు కొట్టు."

"ఎవలు గెలుస్తున్రని కొట్టాలె? ఆ బంతి నీకేమన్న కనవడ్తుందా?"

"బంతి కాదంట, నల్ల బిళ్లంట. నాకూ కనవడలే. పక్కోడు కొడితే కొడుతున్న."

"శుక్రారం ఒక్కనాడు సెలవు. ఆడ జగిత్యాలల నా బిడ్డ కబడ్డీ ఫైనల్ ఆడవట్టె. మీ అక్క వీడియోల సూపెడ్తనన్నది. నేనేమో ఈడ ఎవని కొడుకుకో చప్పట్లు కొట్టాలె. ఫోన్ తీస్తే గుంజుకుంటడంట!"

"నా మేనకోడలు గెలుస్తది తియ్. మోకాళ్లు గీరుకపోయినా కూతకు పోయే పిల్ల."

"వీళ్లను సూడు. మోకాళ్లకు మెత్తలు, పండ్లకు సుత తొడుగు. పడితే ఏంది, లేస్తే ఏంది?"

జేబులో ఫోన్ అదిరింది. బావ వంగి కోటు చాటున చూశాడు. చూసి, లేచి నిలబడి ఈల వేశాడు.

"గెలిసిందా, బావా?"

"ఆఖరి కూత దాందేనట!"

ఇద్దరూ చప్పట్లు చరిచారు. వాళ్లను చూసి క్యాంపు వరుసలన్నీ లేచాయి.

"బావా, ఫోర్మన్ బొటనేలు సూపెడ్తుండు. మనల్నే మెచ్చుకుంటుండు."

"కింద ఆట ఆపి పిల్లలు నీళ్లు తాగవట్టిరి. దేనికి కొడ్తున్నమో గంత సోయి లేదు వానికి. నువ్వు ఆపకు, కొట్టు!"