‘ఓపెన్’ అన్న మాట ఎక్కడుండాలి

సభను నడిపిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, నా మెడలో దండ వేయడానికి ఈ వయసులో మూడు మెట్లెక్కి ఆయాసపడ్డ లెక్కల మాస్టారికి, స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ కోసం నాతో ఏళ్ల తరబడి పోటీపడ్డ తోటివాళ్లకి, పగలంతా ఒళ్లు హూనం చేసుకుని సాయంత్రం ఆరింటికల్లా వచ్చి పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చునే నా పెద్ద విద్యార్థులకి నమస్కారం.

ఈ సాయంత్రపు బడిలో ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లిష్ చెప్పాను. చెప్పానంటే, మొదటి పదిహేడేళ్లు వల్లె వేయించాను. పేరును తెలిపేది నౌన్, పనిని తెలిపేది వెర్బ్, గుణాన్ని తెలిపేది అడ్జెక్టివ్. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లు గానీ, బ్యాంకులో ఫారం ఇస్తే బిక్కమొహం వేసేవాళ్లు. దానికి తోడు రోజుకి పది కొత్త మాటలు నేర్చుకోమనేవాణ్ణి. అదుగో, తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ గారు నా మాట నమ్మి డిక్షనరీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు, ‘సి’ అక్షరం పూర్తయ్యేసరికి కళ్లజోడు వచ్చింది, ఇప్పటికీ ఆయనతో మాట్లాడాలంటే సి దాటకుండా చూసుకోవాలి. (నవ్వులు) ఆయన తప్పేం లేదు లెండి. పాఠం అలాంటిది.

ఇందాక ప్రిన్సిపాల్ గారు నా గ్రామర్ పాఠం ఒకావిడ ఉద్యోగం నిలబెట్టిందని చెప్పారు, మీరు చప్పట్లు కొట్టారు. ఆ కథ పదకొండేళ్లుగా తిరుగుతోంది. నేనూ కాదనలేదు, పొగడ్త ఎవరికి చేదు? పోతూ పోతూ దాన్ని కాస్త సరిదిద్ది పోదామని ఉంది. ఆవిడ మూడో వరసలో ఉన్నారు. నిన్ననే అడిగాను, చెప్పుకోమన్నారు.

ఆవిడది ఆసుపత్రి లాండ్రీలో పని. దుప్పట్లు ఉతికే యంత్రాలకి ఆవిరి వచ్చే గొట్టం ఉంటుంది, దానికో వాల్వ్. ఒకరోజు డ్యూటీ ఎక్కేసరికి ఆ వాల్వ్ తెరిచే ఉంది. మూద్దామంటే పిడి బిగుసుకుపోయింది, రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. దాన్ని అలాగే వదిలేసి మెకానిక్ కోసం పరిగెత్తింది. ఆమె తిరిగొచ్చేలోపు ఆవిరి చిమ్మి తోటి పనామె చెయ్యి కాలింది. మర్నాటికి విచారణ పెట్టారు. జరిగింది ఈవిడ నోటితో చెబితే సూపర్‌వైజర్ ఇంగ్లిష్‌లో రాసి, సంతకం పెట్టమన్నాడు. ఈవిడ పెట్టలేదు. అందులో ఒక వాక్యాన్ని చీటీ మీద రాసుకుని, కింద తన సొంత వాక్యం ఒకటి రాసుకుని, నా దగ్గరికొచ్చింది.

అప్పుడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తలెత్తకుండా చీటీ అందుకున్నాను. పైది, ‘ఐ లెఫ్ట్ ద వాల్వ్ ఓపెన్’. కిందిది, ‘ఐ లెఫ్ట్ ద ఓపెన్ వాల్వ్’.

“ఇందులో ఏది కరెక్ట్ సార్?” అంది.

“రెండూ కరెక్టే. రెండింట్లోనూ ఓపెన్ అడ్జెక్టివే” అన్నాను.

“అర్థం ఒకటేనా?”

“ఆల్మోస్ట్ ఒకటే.”

“ఆల్మోస్ట్ ఏ భాషాభాగం సార్?” అంది.

“అడ్వెర్బ్. రాసుకో” అన్నాను. చీటీ తిరిగిచ్చేసి ఇంకో పేపరు తీసుకున్నాను.

ఇదీ నా పాఠం. ఒకటి, వాల్వ్‌ని తెరిచి వదిలేశానని. రెండోది, తెరిచి ఉన్న వాల్వ్‌ని వదిలి వెళ్లానని. మొదటిదాని కింద సంతకం పెడితే ఆమె తప్పు ఒప్పుకున్నట్టే, ఉద్యోగం పోయినట్టే. ఈ కాగితం ఎక్కడిదమ్మా అని ఒక్క మాట అడగలేదు నేను.

తర్వాత సంగతి వారానికి తెలిసింది, విచారణలో సాక్ష్యం చెప్పిన మెకానిక్ వల్ల. గదిలో ముగ్గురు ఆఫీసర్ల ముందు ఈవిడ నిలబడి, “ఓపెన్ అన్న మాట వాల్వ్‌కి ముందుండాలి సార్. వెనకుంటే నేను తెరిచినట్టు అవుతుంది. నేను తెరవలేదు” అందట. సూపర్‌వైజర్ నవ్వాడట. పెద్దాఫీసరు మాత్రం కాగితం దగ్గరికి లాక్కుని, “ఇది నీకెవరు చెప్పారు?” అని అడిగాడట.

“మా ఇంగ్లిష్ సారు చెప్పారు” అందట.

అక్కడి నుంచి పుట్టింది మీరు విన్న కథ. పిడి బిగుసుకుందని ముందు షిఫ్టు వాళ్లు డ్యూటీ పుస్తకంలో రాసినది మెకానిక్ తీసి చూపించాడు, వాక్యం మార్చి రాశారు, ఉద్యోగం నిలిచింది. పేరు నాకొచ్చింది.

ఆమె మళ్లీ క్లాసుకొచ్చిన రోజున బయట వరండాలో ఆపి అడిగాను, “నేను చెప్పని మాట నేను చెప్పానని ఎందుకన్నావమ్మా?” అని.

“నేను కనుక్కున్నానంటే వినరు సార్. మీరు చెప్పారంటే వింటారు” అంది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. బస్సు ఎన్నింటికి అని చెప్పినట్టు చెప్పింది.

ఆ మర్నాటి నుంచి నిర్వచనాలు మానేశాను. మీమీ పనిచోట్ల కనబడ్డ కాగితం ఏదైనా పట్టుకురమ్మన్నాను. మందు సీసా మీద చీటీ, మోటారు మీద హెచ్చరిక, కాంట్రాక్టరు నోటీసు. ప్రతి వాక్యంలోనూ పని ఎవరు చేశారు, ఎవరి మీద పడింది అని వెతకడమే పాఠం. అలా నేర్చుకున్న మాట మర్చిపోరు. ఈ పద్ధతికి నాకు రెండు సత్కారాలు జరిగాయి. రెండుసార్లూ శాలువా కప్పించుకుని ఇంటికెళ్లాను, నోరు విప్పలేదు.

అమ్మా, అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను.

(మూడో వరస నుంచి, “సరేలెండి సార్, కానివ్వండి.” నవ్వులు)

కానిస్తాను. సోమవారం నుంచి మొదటి క్లాసు ఆవిడే తీసుకుంటున్నారు, ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. మీకు నాదొక్కటే విన్నపం. ఆవిడ ఏదైనా చెబితే, పాత సారు చెప్పారట అని బయట చెప్పకండి. ఆవిడే చెప్పారని చెప్పండి.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు, ఇన్నేళ్లు భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.