పుల్ల ఎప్పుడు ఇరిగినట్లు?

మాలింగప్పని ఒగడు ఉండె, గొర్లు కాసేటోడు. పెండ్లాము సన్నీరమ్మ. ఏమైందంటే, ఉగాది నాడు ఇద్దరికీ మాటా మాటా పెరిగి, సన్నీరమ్మ చేతిలో చాట ఇసిరేసి, ఊరంతా సూస్తాండగానే పుట్టింటికి ఎలబారిపాయె. పోతే పోనీలే అన్యాడంట వాడు. మంద నిండుగా ఉండె కదా, మదం! నెల తిరక్కముందే గంగక్కని ఇంగొగామెని తెచ్చి ఇంట్లో పెట్టుకున్యాడు. ఆ ఎనక మందకి రోగం తగిలె, సగానికి సగం చచ్చిపాయె. ఆడ సన్నీరమ్మ నాయన కన్ను మూస్తా, బాయి కింద చేను కూతురికి ఇచ్చిపాయె. ఆమెకి ఇంగ ఆ చేనే దిక్కు అనుకో.

చేను మాట చెవిన పడ్తానే మాలింగప్ప తగువులు తీర్చే కులం పెద్ద, గౌడు కాడికి ఉరికినాడు. మా గొర్లోళ్ళలో మొగుడూ పెండ్లాం తెగిపోవాలంటే కులం ముందర పుల్ల ఇరవాల. అది ఇరిగేదాకా వచ్చినేదాంట్లో చెరి సగం. "ఇంగా ఇరవల్యా గౌడా, ఈపొద్దు ఇరుస్తా. ఉండే గొర్లలో సగం దానికిస్తా, చేనులో సగం నాకిప్పీ" అన్యాడంట. గౌడు పిలిపిస్తే వచ్చిన సన్నీరమ్మకి ఆ మాట ఇని కడుపు మండిపాయె. "మా నాయన గుంత మీద మట్టి ఆరల్యా, అప్పుడే నీకు చేను కావల్సొచ్చెనా!" అని ఏడ్సె పాపం.

గౌడు ముసిలోడు. ఆకొక్క నముల్తా నిమ్మళంగా అడిగె, సరేలేబ్బీ, ఈపొద్దు దాకా ఈమె నీ పెండ్లామే అంటివి, మరి నీ ఇంట్లో ఉండే గంగక్క ఎవురు? అని. పుల్ల ఇరవకుండా రెండోదాన్ని తెచ్చినోడికి కులంలో ఎలివేత, తెల్సు కదా మీకు. వాడి గొర్లకి బాయికాడ నీళ్ళు కూడా పుట్టవు. మాలింగప్ప మొగం మాడిపాయె. "లేదు లేదు గౌడా, మాకు ఉగాది నాడే తెగిపాయె, ఊరంతా సూసినారు!" అన్యాడు గబగబా. "అట్లనా? అయితే పుల్ల ఉగాది నాడే ఇరిగినట్లు లెక్క. చేను ఆ ఎనక వచ్చింది, అది ఆమెదే. గొర్లు ఉగాది నాడు ఎన్నుండెనో దాంట్లో సగం ఆమెకి తోలు. చచ్చినేటివి నీ పాలు" అనె గౌడు. ఉగాది మందలో సగమంటే ఇంగేముంది, మిగిలినేటివన్నీ! ఒగటి లేకుండా అన్నీ తోలుకుని సన్నీరమ్మ చేను తట్టు పాయె. ఆమె ఎనకాలే గంగక్క, "అక్కా, నేనూ వస్తా, కాపలాకి పెట్టుకో" అని కర్ర పట్టుకుని బయల్దేరిందంట. మాలింగప్ప పిలిస్తే, "గొర్లు లేని గొర్లోడితో నాకేం పనప్పా" అనిందంట. ఏమప్పా, నవ్వుతారే! లేసి పోండి, మీ పెండ్లాలు ఇండ్లల్లో ఉండారో లేదో సూసుకోండి.