హ్యాండిలు మీద బొటనవేలు

ఆత్మకూరు, 1948. లారీ షెడ్డు వెనక చిన్న ఇల్లు. మధ్యాహ్నం రెండు గంటలు. డ్రైవరు సిద్ధయ్య కంచం ముందు కూర్చున్నాడు. కూతురు దేవకమ్మ, పదిహేనేళ్ళది, వడ్డిస్తోంది.

"అయితే? నన్నేం చెయ్యమంటావు మే?"

"ఏం లేదు నాయనా. నాలుగు గంటల బస్సుకి పోతా ఉండారంట, అంతే. మాల్యాద్రి చిన్నాయనా, పిన్నీ, ఇద్దరు పిల్లకాయలూ. సామాను మూటగట్టేసినారు."

"పోనీ. ఉదయగిరి వాళ్ళకి కొత్తా? ఆడ్నించే గదా వచ్చింది."

"ఆడ ఏం చేసి బతుకుతారు? గడియారాలు రిపేరు చేసేదానికి చెయ్యి లేకపాయె."

"చెయ్యి యాడికీ పోలా. బండి స్టార్టు చేసే హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు ఇరిగింది. కట్టు కట్టినారు. అతుక్కుంటాది."

"అతుక్కుంటాది గానీ ఇంక సన్న స్క్రూలు పట్టేదానికి పనికిరాదంట. రెణ్ణెల్లు పోతే స్టీరింగు మటుకు పట్టుకోవచ్చంట. కట్టు కట్టినాయన చెప్పినాడంట."

"ఎవురు చెప్పినారు నీకియ్యన్నీ? నోట్లో నాలిక లేని పిల్లవి, ఈపొద్దు ఎన్ని మాట్లాడతా ఉండావు!"

"పిన్ని చెప్పింది, బావి కాడ. నాయనా, అన్నం కలిపి అట్నే పెట్టినావు."

"ఆకలి లేదు."

"నిన్నా లేదన్నావు."

"ఎండకి. నువ్వు మటుకు తిన్నావా? నాలుగు రోజుల్నించి మీ అమ్మ మొత్తుకుంటా ఉండాది, పిల్ల తినడంలేదని."

"నాక్కూడా ఎండే."

"ఆ కళ్ళేంది? ఏడ్చినావా?"

"ఉల్లిపాయ కోసినా."

"పప్పులో ఉల్లిపాయ యాడుండాది మే?"

"లారీల షావుకారు కొత్త లారీని కొండలయ్య మామకి ఇచ్చినాడంట గదా."

"ఇస్తే? మీ అమ్మ తమ్ముడు. పరాయోడా?"

"మాల్యాద్రి చిన్నాయనకి గదా ఇస్తానన్నాడు. నీ కాడ నలభై రోజులు నేర్చుకున్నాడు, లైసెన్సు కూడా వచ్చె."

"హ్యాండిలు తిప్పడం రానోడికి లారీ ఎవురిస్తారు? షావుకారు నారాయణయ్యే అన్నాడు ఆ మాట. నేననలా."

"షావుకారికి నువ్వేం చెప్పినావు?"

"అడిగినాడు, చెప్పినా."

"ఏమడిగినాడు?"

"హ్యాండిలు ఎట్లా పట్టుకోవాలో నేర్పినావా సిద్ధయ్యా, అని."

"నువ్వేమన్నావు?"

"రెండు తూర్లు చెప్పినా, ఆయనే ఇనలా, అన్నా."

"చెప్పినావా?"

"ఏంది మే, పోలీసోళ్ళు అడిగినట్టు?"

"చెప్పినావా నాయనా?"

"అది చెప్పాల్సిన సంగతా ఎవురికన్నా? బొటనేలు కడ్డీకి చుట్టగూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఆనించుకోవాల. అప్పుడు ఇంజను వెనక్కి తన్నినా చెయ్యి జారి బయటికొస్తాది. చుట్టినావంటే ఇరిగిపోతాది. షెడ్డు ముందర ఆడుకునే పిల్లకాయలక్కూడా తెల్సు."

"మనకి తెల్సు. మనం లారీల కాడ పుట్టినాం. ఆయన రంగూన్‌లో బల్ల ముందర కూర్చోని గడియారాలు బాగుచేసినోడు. బాంబులు పడితే నడిచొచ్చినోడు. నలభై రోజులూ మీట నొక్కే బండి స్టార్టు చేసినాడు గదా. బ్యాటరీని చార్జింగుకి నెల్లూరు పంపిన రోజే గదా, మొదటిసారి హ్యాండిలు ముట్టుకునింది?"

"బాగా కనిపెట్టినావు. ప్లీడరు చదువు చదివిస్తా నిన్ను."

"ఎగతాళి చెయ్యబాక నాయనా."

"మరేం చెయ్యమంటావు? నేను క్లీనరుగా ఎన్నేళ్ళు చేసినానో తెల్సా నీకు? ఏడు. ఏడేళ్ళు బండి కడిగినా, గాలి కొట్టినా, డ్రైవరు కాళ్ళు పిసికినా. అప్పటికి గానీ స్టీరింగు ముట్టనియ్యలా నన్ను. ఈయన నలభై రోజుల్లో లైసెన్సు తెచ్చుకున్నాడు!"

"మిషన్ల సంగతి ముందే తెల్సు గదా ఆయనకి."

"తెల్సు, తెల్సు. అందురూ అదే మాట. నలుగురిలో, షావుకారు ముందర, బానెట్టుకి చెవి ఆనించి, 'అన్నా, నాలుగో ప్లగ్గు మంచిది కాదు' అన్నాడు. విప్పి చూస్తే నాలుగోదే. షావుకారు నన్ను చూసి నవ్వినాడు మే. 'సిద్ధయ్యా, బండికి గాదు, నీ చెవులకి చేయించాల రిపేరు' అన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి మీ అమ్మని ఊరికే తిట్టినా, గుర్తుండాదా?"

"అందుకనా?"

"ఏందందుకనా?"

"అందుకనా చెప్పలా?"

"... నేను సీట్లో కూర్చోనుండా. ఆయన ముందరికి పోయి వంగినాడు. ఇప్పుడు చెప్దాం, ఇప్పుడు చెప్దాం అనుకుంటానే ఉండా. ఒక్కసారి తన్నితే తెలుస్తాది, చెయ్యి చిమచిమలాడతాది, అంతే గదా అనుకున్నా. ఇరుగుద్దనుకోలా. నీ మీద ఒట్టు దేవకమ్మా, ఇరుగుద్దనుకోలా."

"షావుకారికి చెప్పేయ్ నాయనా. ఇంకా రెండు గంటలుండాది."

"చెప్తే? రేపట్నించి క్లీనర్లు కూడా నా మొకాన ఊస్తారు. మీ మామ బండి దిగాల. మీ అమ్మ నాకు సంగటి పెట్టదు."

"నువ్వు చెప్తే చాలు నాయనా. నువ్వొక్కడివి చెప్తే ఇంకెవురూ ఏమీ చెప్పాల్సిన పన్లా."

"ఇంకెవురు చెప్పేదుండాది? నోరు ముయ్యి. ఎవురో వస్తా ఉండారు."

"సిద్ధన్నా! ఉండావా ఇంట్లో?"

"ఎవురూ, మాల్యాద్రా? రా, రా. కూర్చో. దేవకమ్మా, మంచినీళ్ళు తీసుకురా."

"కూర్చునేదానికి టయిం లేదన్నా, బస్సుకి పోవాల. నీ ఖాకీ చొక్కా ఇచ్చిపోదామని వచ్చినా. లైసెన్సు పరీక్షకి ఇచ్చినావే, అది. ఉతికినా గానీ సరిగ్గా పిండలా. ఒక చేత్తో పిండితే నీళ్ళు నవ్వుతాయి."

"ఉంచుకోగూడదా?"

"ఎందుకన్నా, గొర్రెలు కాసేదానికి ఖాకీ చొక్కా? మా బామ్మర్దికి నలభై గొర్రెలుండాయి. కర్ర పట్టుకునేదానికి ఎడమ చెయ్యి చాలంట."

"గడియారాల కొట్టు?"

"అది చెయ్యి బాగున్నప్పుడే నడవలా. ఉదయగిరి మొత్తానికి పదకొండు గడియారాలు. నడిచేదానికి రిపేరు అక్కర్లా, నడవనిదాన్ని గోడకి అందమని తగిలించుకుంటారు. ఆరేళ్ళు ఈగలు తోలినా. అందుకే గదా లారీలకి మంచి కాలమొచ్చిందని నీ దగ్గిర చేరినా. సరేలే. తల్లీ, నీళ్ళు చాలు. అన్నా, ఒక్క మాట అడగాల. కోప్పడబాక."

"అడుగు."

"బొటనేలు సంగతి నువ్వు నాకు రెండు తూర్లు చెప్పినావంట. షావుకారన్నాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలా నాకు. చెప్పినావా?"

"ఇప్పుడెందుకబ్బయా అవన్నీ?"

"నిన్ను తప్పు పట్టేదానికి కాదన్నా. నాకు భయంగా ఉండాది. రంగూన్ నించి నడిచొచ్చేటప్పుడు అడివిలో జొరమొచ్చి, పది రోజులు నేనెవురో నాకే తెలీలా. ఆ జొరం తలకాయలో యాడన్నా మిగిలిపోయిందేమో. రెండు తూర్లు చెప్పిన మాట మరిచిపోయినోడు, రేపు కనుమ దిగేటప్పుడు బ్రేకు మరిచిపోతాడు. మనుషుల్ని చంపుతాడు. నువ్వు చెప్పింటే, చెప్పినా అను. లైసెన్సు ఇక్కడే చించి పారేస్తా. ఈ జన్మకి స్టీరింగు ముట్టను."

"ముందు కూర్చో అబ్బయా."

"చెప్పన్నా."

"చెప్పినా."

"చెప్పినావా."

"చెప్పినా మాల్యాద్రీ. నువ్వే ఏదో పరాగ్గా ఉండావు ఆపొద్దు."

"... సరే అన్నా. తేలిపోయింది. మంచిదే. ఈ లైసెన్సు నీ పొయ్యిలో ఏసేయ్, నా చేతుల్తో నేను చించలేను. పోయొస్తా. తల్లీ, పోయొస్తా."

"చెప్పలా!"

"ఏందమ్మా?"

"నాయన చెప్పలా చిన్నాయనా. ఒక్క తూరి కూడా చెప్పలా. నీ తలకాయ బాగానే ఉండాది."

"దేవకమ్మా! లోపలికి పో!"

"పోను నాయనా. పోను. ఇప్పుడే గదా నాతో అన్నావు!"

"అన్నా, నిజమేనా? నా మొకం చూసి చెప్పు."

"... నిజమే. చెప్పలా. నీకు తెలీదని తెలిసే చెప్పలా."

"అమ్మయ్యా!"

"ఏందబ్బయా, నవ్వుతా ఉండావా? తిట్టు. కాలితో తన్ను."

"తిడతా, నిదానంగా తిడతా. ఆ బాకీ యాడికీ పోదు. ముందు నన్ను ఊపిరి పీల్చుకోనీ. నాలుగు రోజులుగా పొద్దున లేస్తానే పెళ్ళాం పేరు, పిల్లకాయల పేర్లు లోలోపల చెప్పుకుంటా ఉండానన్నా, మరిచిపోయినానేమో అని! పిచ్చోణ్ణి కాదు గదా! పిచ్చోణ్ణి కాదు!"

"పద. నారాయణయ్య కాడికి పోదాం. నా నోటితో నేనే చెప్తా. ఆ బండి నీది. నీ చెయ్యి కుదురుకునేదాకా కొండలయ్య తోల్తాడు, ఆ తర్వాత దిగుతాడు. నన్ను దించేసినా సరే."

"నిన్ను మన్నించినాననుకోబాక అన్నా."

"అనుకోలా."

"చెప్పులేసుకో మరి. దోవలో మా ఆడదానికి ఒక మాట చెప్పాల, మూటలు ఇప్పమని. అన్నా, ఈ బిడ్డ లేకపోతే నేనీపొద్దు గొర్రెల కాడికి పోయేవాణ్ణి. పదిమందిలో గొంతు లేవని పిల్ల, కన్నతండ్రిని కాదని నిజం చెప్పింది! ఎంత ధైర్యం తల్లీ నీకు!"

"వద్దు చిన్నాయనా."

"సిగ్గుపడబాక. నా పిల్లకాయలకి చెప్తా, దేవకమ్మక్క మాదిరిగా ఉండండిరా అని."

"వద్దు. నన్ను పొగడబాక. నీ కాళ్ళకి మొక్కుతా, ఆ మాట అనబాక."

"ఎందుకమ్మా ఏడస్తా ఉండావు?"

"నాయనకి బానెట్టు అడ్డం, నీ చెయ్యి కనపడలా. నాకు కనపడింది చిన్నాయనా. అన్నం క్యారేజీ పట్టుకోని నీ పక్కనే నిలబడుండా. నీ బొటనేలు కడ్డీకి చుట్టుకోనుండాది. తిప్పేముందు నువ్వు నా తట్టు చూసి నవ్వినావు. మొగోళ్ళ పని మధ్యలో మాట్లాడేదానికి సిగ్గేసి, నేను తలకాయ వంచుకున్నా."